బంగళా ముందు హారన్

నాయనా,

నీ మోటారుసైకిలు మళ్లీ నడుస్తోంది. కార్బ్యురేటర్ పీటర్‌మారిట్జ్‌బర్గ్‌లో పాత సామాన్ల కొట్లో దొరికింది. ట్యాంకుకు నీ పచ్చరంగే వేశాను.

చెరకు మిల్లు దొర బంగళా ముందు కూలీలు ఇంజను నడపకూడదని, నువ్వక్కడ దిగి బండి తోసేవాడివి. "మన ప్రభుత్వం వచ్చిన్నాడు ఇక్కడే హారన్ కొడతా చూడు" అనేవాడివి. మనకూ నల్లవాళ్లకూ ఓటు వచ్చేలోపే పోయావు. ఆ హారన్ నేనైనా కొడదామని, నిన్న నీ తద్దినం అయ్యాక అమ్మను ఎక్కించుకుని గ్రీన్‌వుడ్ పార్క్‌లో మన ఇంటి నుంచి అక్కడికి వెళ్లాను.

బంగళా అమ్మేశారు. చుట్టూ పెద్ద ఇళ్లు లేచాయి, దారికి గేటు పెట్టారు. మిల్లు కూలీల బ్యారక్స్‌లో ఒకప్పటి మన పక్కింటి అప్పన్న మామే అక్కడ కాపలా.

"ఇంజను ఆపరా. లోపలోళ్లకి చప్పుడు పడదు."

"ఎవరు మామా, ఇంకా దొరలేనా?"

"మనోళ్లూ ఉన్నార్రా. కొనుక్కున్నోళ్లు."

ఓటు కోసం పోరాడిన రోజుల్లో కరపత్రాల్లో చదివిందంతా అరిచాను. దారి ప్రజలదన్నాను. మామ తల దించుకున్నాడు. "నా పని పోద్దిరా అబ్బాయ్."

నేనింకా అరుస్తుండగానే అమ్మ దిగి, కొంగు నడుముకు దోపి, వెనక సీటు మీద చెయ్యి వేసింది.

"పదరా. మీ నాయన దిగి తొయ్యడానికి ఇంతసేపు చేసేవాడు కాదు."

ఇంజను ఆపేశాను. మామ గేటు తీశాడు. బంగళా దాటేదాకా ఇద్దరం తోశాం. అమ్మకు ఎక్కడ ఆగాలో చెప్పక్కర్లేకపోయింది.

మన ప్రభుత్వం వచ్చింది నాయనా. హారన్ కూడా బాగానే పనిచేస్తోంది. ఇంటికొచ్చాక కొట్టి చూశాను.