బావకు అంటగట్టిన తాగుడు

అక్కా,

బాగున్నావా? అలవాటు కొద్దీ అడుగుతున్నాను. నువ్వు వెళ్లిపోయి నేటికి పదకొండు నెలలు నిండాయి. ఇక్కడ అందరమూ కుశలమే. నీ ఎర్రావు ఈనింది, పెయ్యదూడ. దానికి నీ పేరు పెడదామని బావ అన్నాడు. నేనే వద్దన్నాను... పిలిచినప్పుడల్లా మా ఇద్దరిలో ఎవరో ఒకరు నీ కోసం గుమ్మంవైపు చూస్తారని.

నీ ముందు ఒక తప్పు ఒప్పుకోవలసి ఉంది. నీ భర్తను నేను ఆరు వారాలపాటు తాగుబోతును చేశాను. కల్లు ముంత వాసనకే ముఖం తిప్పుకునే మనిషిని! కోపగించుకోకు. చివరిదాకా చదువు.

ఆవు ఈనకముందు మేత మానేస్తే, మందు కోసం దమ్మపేట పశువుల దవాఖానాకు వెళ్లాను. వెనుక రేకుల గదిలో పదిమంది గుండ్రంగా కూర్చుని టీ తాగుతున్నారు. తాగుడు మానాలనుకునేవారు గురువారం సాయంత్రం రావచ్చునని తలుపు మీద కాగితం అంటించి ఉంది. దాన్ని మూడుసార్లు చదివాను. రాత్రిబడిలో చదివి పది పాసైనవాడికి ఒకసారి చాలదా? కాళ్లు కదలలేదు, అంతే. నువ్వు పోయాక నేను పొద్దున పూట కూడా తాగేవాడిని అక్కా. అది నీకు తెలియదు... లేక తెలుసా?

"ఎవరి కోసం సార్?" అని వాళ్లలో సోములు అనే ఆయన అడిగాడు. లారీ డ్రైవరు. తొమ్మిదేళ్లుగా ముట్టలేదట. నాదేమో ఇస్త్రీ చొక్కా, జేబులో పెన్ను, హైస్కూల్లో రికార్డులు రాసే ఉద్యోగం. నా కోసమని చెప్పడానికి నోరు రాలేదు. "మా బావ కోసం" అన్నాను.

అప్పటినుంచి ప్రతి గురువారమూ వెళ్లాను. అందరూ కూర్చుంటే నేను గోడ పక్కన నిలబడి, బావ పరిస్థితిని వివరంగా నివేదించేవాడిని. బావకు నిద్ర పట్టడం లేదు. బావ రెండు రోజులు ఆపి, మూడో రోజు మళ్లీ ముట్టుకున్నాడు. వాళ్లు శ్రద్ధగా వినేవారు. అడవిలో విస్తరాకులు ఏరి అమ్ముకునే లక్ష్మమ్మ అని ఒక పెద్దావిడ ఉంది. "మీ బావకు చేతులు గూడ వణుకుతున్నయా సారూ?" అని అడిగింది, నా చేతులవైపే చూస్తూ. వెనక్కి దాచుకున్నాను. ఎవరూ నవ్వలేదు. అందరికీ ముందే తెలుసునని నాకొక్కడికే తెలియదు.

నువ్వుంటే ఏమనేదానివి? నేను లేవలేని ప్రతి ఉదయమూ హెడ్మాస్టరుగారికి "మా తమ్మునికి జరమొచ్చింది సార్" అని చెప్పి పంపేదానివి. నా జీవితంలో ఎన్ని జ్వరాలు ఇచ్చావు అక్కా! చివరి రోజుల్లో మాత్రం ఒకసారి, "నీ కోసం అబద్ధాలాడి నా నోరు చేదయ్యిందిరా తమ్మీ. ఒక్కసారన్న నిజం నువ్వు చెప్పరాదు?" అన్నావు. నేను చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాను. విననట్టు కాలరు మీద ఇస్త్రీపెట్టె నొక్కాను.

ఏడో వారం నా బండి పంక్చరైంది. బావ పామాయిల్ తోటలో గెలలు కోసి వచ్చి, చెమట కూడా తుడుచుకోకుండా నన్ను తన బండి మీద దించాడు. పశువుల దవాఖానాకని మాత్రమే చెప్పాను. అంతలో వాన అందుకుంది. సోములు గొడుగు పట్టుకుని బయటికొచ్చి, మీరెవరని అడిగి, "బావగారా!" అంటూ లోపలికి తీసుకొచ్చి కుర్చీ వేశాడు. గదిలో అందరూ ఒక్కసారి సర్దుకుని కూర్చున్నారు. నా బావ నిజంగా ఉన్నాడని వాళ్లెవరూ అనుకోలేదు మరి!

"ఎన్ని రోజులైంది బావా ముట్టక?" అని సోములు అడిగాడు.

బావ నా ముఖంలోకి చూశాడు. ఒక్క క్షణమే. ఆయనకు అంతా అర్థమైపోయింది. తువ్వాలు తీసి తల తుడుచుకుంటూ, "మా బామ్మర్ది ఎన్నంటే అన్ని" అన్నాడు.

నువ్వే మాట్లాడినట్టుంది అక్కా... మళ్లీ ఒకరు నా జ్వరాన్ని నెత్తిన వేసుకున్నారు.

గోడ వదిలి ముందుకు వచ్చాను. "నా పేరు వీరయ్య. మా బావ తాగడు. తాగేది నేను" అన్నాను. అంత చిన్న వాక్యాలు నేను ఎన్నడూ మాట్లాడి ఉండను.

లక్ష్మమ్మ పక్క కుర్చీ జరిపింది. "ఇగ కూకో బిడ్డా. ఆరు వారాల సంది నిలవడ్డవ్."

తిరుగు దారిలో బావ ఊరి మలుపు దగ్గర బండి మెల్లగా చేసి, "అయితే ఇయ్యాల్టి సంది నేను గూడ బంద్ చేసినట్టేనారా?" అన్నాడు. వానలో ఇద్దరం నవ్వాం. నువ్వు పోయాక ఆయన నవ్వడం అదే మొదటిసారి.

మధ్యలో ఒకసారి జారాను. దాచను. మరుసటి గురువారం ఆ సంగతి కూడా అక్కడే కూర్చుని చెప్పాను. ఆ తరువాత ఇప్పటికి రెండు నెలలు ముట్టలేదు.

వచ్చే నెల నీ ఏడాది దినం. వచ్చినవాళ్లకు సారా పోయక తప్పదని పెద్దలు తేల్చారు. ఎవరో ఒకరు నా చేతికీ గ్లాసు ఇవ్వబోతారు. బావ అప్పుడే, "జరమని చెప్తలే" అన్నాడు. వద్దన్నాను. తాగుడు నా జబ్బని, మానేశానని, బంధువులందరి ముందూ నా నోటితోనే చెబుతాను. విను.

ఇట్లు,
జ్వరం లేని నీ తమ్ముడు
వీరయ్య