నలభై ఒక్క గొంతులు

మార్చి 4, శనివారం

సెలవు కదా, సాయానికి బెంగళూరు చామరాజపేటలోని క్లినిక్‌కు వెళ్ళాను. అక్కడ మాట చికిత్స చేసే అంబుజ మేడమ్ కంప్యూటర్ ఇక చచ్చేలా ఉంది. నలభై ఒక్క మంది గొంతులు అందులోనే ఉన్నాయి. క్యాన్సర్ వచ్చి స్వరపేటిక తీసేయించుకున్న వాళ్ళవి. ఆపరేషన్‌కు ముందు ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి మేడమ్ గంటలకొద్దీ రికార్డు చేశారు.

క్లౌడ్‌లో పెట్టేద్దామని నేనే అన్నాను. నాకిది రోజూ ఆఫీసులో చేసే పనే. ముంబై రీజియన్, చిన్న సైజు, విండోస్. ఇరవై నిమిషాల్లో VM, అంటే క్లౌడ్‌లో అద్దె మెషీన్, లేచింది. ఫైళ్ళకు వేరే డిస్కు జోడించాలి, అది ఇంకో పది నిమిషాల పని. ఆకలేస్తోంది. మెషీన్‌తో పాటే వచ్చిన D డ్రైవ్ ఖాళీగా కనిపించింది, వేగంగా కూడా ఉంది. అన్నీ అందులోకే ఎక్కించాను. అందులో హెచ్చరిక అని పేరున్న ఫైలు ఒకటి ఉంది. తెరవలేదు.

భద్రమే కదా శశాంకా అని మేడమ్ రెండుసార్లు అడిగారు. ఈ క్లినిక్ కాలిపోయినా అవి ఉంటాయి మేడమ్ అన్నాను. అయితే ఈ ముసలి కంప్యూటర్‌ను తుడిచేసి వెనక వీధి స్కూలుకు ఇచ్చెయ్యి అన్నారు. నేనే ఫార్మాట్ చేశాను.

మార్చి 11, శనివారం

జవరేగౌడ, ఆయన భార్య గిరిజమ్మ వచ్చారు. ఆయన ముప్పై ఏళ్ళు హోటల్లో వడ్డించే సప్లయర్. జనవరిలో ఆపరేషన్ అయింది. ఇప్పుడు మెడలో పలక వేలాడుతూ ఉంటుంది. ఏం చెప్పాలన్నా దాని మీద రాయాల్సిందే.

ఆయన రికార్డింగ్ వినిపించాను. ఇడ్లీ, వడ, ఖారాబాత్, కేసరిబాత్, ఊపిరి తీసుకోకుండా మొత్తం చెప్పుకుపోయాడు. గిరిజమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇంట్లో కూడా ఇదే అరుపండీ, ఒక్కరోజు నోరు మూసుకోవయ్యా అని ఎన్నిసార్లు తిట్టానో అంది. ఆయన పలక మీద రాశాడు: మూసుకున్నాగా.

ఇక నుంచి ఫోనే ఆయన గొంతుతో మాట్లాడేలా చేస్తానన్నాను. రాసింది రాసినట్టు పలుకుతుంది. మాట ఇచ్చేశాను.

మార్చి 16, గురువారం, ఉదయం 10

ఆ పనికి మెషీన్ సైజు సరిపోదు. పెంచాలంటే ఒకసారి ఆపాలి. ఆపి, పెంచి, మళ్ళీ మొదలుపెట్టాను.

D డ్రైవ్ ఖాళీ.

మధ్యాహ్నం 3

హెచ్చరిక ఫైలు మాత్రం మళ్ళీ ప్రత్యక్షమైంది. ఇప్పుడు చదివాను. నాలుగే నాలుగు లైన్లు. ఇది తాత్కాలిక డిస్కు, మెషీన్ ఆపితే ఇందులోవి పోవచ్చు, తిరిగిరావు, ముఖ్యమైనవేవీ ఇక్కడ పెట్టవద్దు.

క్లౌడ్ కంపెనీ సపోర్ట్‌కు రాశాను. గంటలో జవాబు వచ్చింది. మర్యాదగా, తిరిగిరావని. స్కూలుకు పరుగెత్తాను. మేడమ్ ఇచ్చిన కంప్యూటర్‌లో పిల్లల పాఠాలు నింపేశారు. ఫైళ్ళు వెతికే సాఫ్ట్‌వేర్ రెండు గంటలు నడిపాను. ఒక దగ్గు దొరికింది. ఎవరిదో తెలియదు.

మార్చి 18, శనివారం

మేడమ్‌తో అబద్ధం చెప్పాను. కంపెనీ వైపు ఏదో సమస్య, వారం పడుతుంది అన్నాను. అలాగేలే, నీ మొహం అలా పీక్కుపోయిందేమిటి, తిన్నావా లేదా అని తన డబ్బాలోని అక్కిరొట్టె నా చేతిలో పెట్టారు. తిన్నాను. అదే నాకు ఎక్కువ సిగ్గుగా ఉంది.

మార్చి 19

క్లినిక్‌కు వెళ్ళలేదు. కడుపునొప్పి అన్నాను.

మార్చి 22, బుధవారం, ఉగాది

గిరిజమ్మ క్లినిక్‌కు ఒబ్బట్లు తెచ్చింది. పండగపూట ఒక్కసారి ఆయన గొంతు వినిపించు బాబూ, చాలు అంది. ఇంకా రిపేరులో ఉందమ్మా అన్నాను. జవరేగౌడ పలక తిప్పి చూపించాడు: కంప్యూటర్‌కూ ఉగాది సెలవా?

అందరూ నవ్వారు. నేను బాత్రూమ్‌లోకి పోయి కొళాయి తిప్పాను.

మార్చి 23, గురువారం

చెప్పేశాను. మేడమ్ అరవలేదు. ఆ ఫైలు నీకు కనిపించిందా అని మాత్రం అడిగారు. కనిపించిందన్నాను. చదవలేదా అన్నారు. లేదన్నాను.

తర్వాత రిజిస్టరు తీసి నా ముందు పడేశారు. నలభై ఒక్క పేర్లు, ఫోన్ నంబర్లు. ఒక్కొక్కరికీ నువ్వే చెప్పు, నీ నోటితో చెప్పు, కంపెనీ గింపెనీ అన్నావంటే మళ్ళీ ఈ గడప తొక్కకు అన్నారు.

ఏప్రిల్ 2, ఆదివారం

నలభై ఫోన్లు చేశాను. మాట్లాడలేని వాళ్ళు కదా, ఎత్తేది భార్యలు, కొడుకులు. పాత వాయిస్ మెసేజ్‌లు, పెళ్ళి వీడియోలు ఏమైనా ఉన్నాయేమో వెతకమని బతిమాలుకున్నాను. ఇరవై మూడు ఇళ్ళలో ఎంతో కొంత దొరికింది. ఒకాయన కొడుకు బూతులు తిట్టాడు. ఫోన్ పెట్టెయ్యకుండా విన్నాను.

తొమ్మిది మంది ఆపరేషన్ తర్వాత ఏడాది రెండేళ్ళలో పోయారట. కోలారులో ఒకమ్మాయి, మా నాన్నది ఇంకేమీ మిగల్లేదండీ, మేడమ్ దగ్గర ఆ రికార్డింగ్ కాపీ రేపు తీసుకుందాం, ఎల్లుండి తీసుకుందాం అనుకుంటూ ఉన్నాను అంది. తప్పు తనదే అన్నట్టు చెప్పింది. కాదమ్మా, నాదే అన్నాను. ఎన్నిసార్లు అన్నానో గుర్తులేదు.

జవరేగౌడకు మాత్రం ఫోన్ చెయ్యలేదు.

ఏప్రిల్ 9, ఆదివారం, సాయంత్రం 5

బెంగళూరులోనే, శ్రీనగర్‌లో వాళ్ళిల్లు వెతుక్కుంటూ వెళ్ళాను. గుమ్మంలో నిలబడే అంతా చెప్పాను, చదవని హెచ్చరిక ఫైలుతో సహా. ఆయనవి వేరే రికార్డింగులు ఏమీ లేవు. మొన్నటిదాకా బటన్ల ఫోనే. హోటల్లో అడిగి వచ్చాను, అక్కడా లేవు.

గిరిజమ్మ లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. ఆయన పలక తీశాడు, రాశాడు, చెరిపాడు, మళ్ళీ రాశాడు. చివరికి చూపించింది ఇది: నేను మాట్లాడింది నీకు పనికిమాలినది అనిపించిందా?

లేదు సర్ అన్నాను. మరి ఎందుకు చదవలేదు అని రాశాడు.

ఆకలేసింది అని నిజం చెప్పాను. ఆయన పలక బోర్లించాడు.

మెట్లు దిగుతుంటే పైనుంచి గిరిజమ్మ పిలిచింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. అంత పెద్ద చదువు చదివావు, నా గొంతు రికార్డు చెయ్యడం వచ్చా నీకు అని అడిగింది. వచ్చమ్మా అన్నాను. ఆయన ఏ మాట ఎలా లాగేవాడో, ఎక్కడ విరిచేవాడో నాకంటే ఎవరికి తెలుసు, ముప్పై ఏళ్ళు విన్నాను, ఆయన రాసింది పలికే ఫోన్‌లో ఎవరో తెలియనిదాని గొంతు పెడతావా, నాదే పెట్టు అంది.

ఏప్రిల్ 22, శనివారం

పదకొండు గంటల రికార్డింగ్ పూర్తయింది. మూడు చోట్ల దాచాను. ఒకటి మేడమ్ బీరువాలో.

ఏప్రిల్ 30

ఈ ఉదయం జవరేగౌడ ఫోన్‌లోంచి గిరిజమ్మ గొంతు గిరిజమ్మనే కాఫీ అడిగింది. ఆమె పగలబడి నవ్వింది. ఆయనా నవ్వాడు, చప్పుడు లేకుండా. నన్నూ నవ్వమన్నట్టు చూశారు.