జాలీ పట్టుకునే మనిషి

ప్రియమైన అక్కా,

మన వరండాకి దోమలు రాకుండా కొట్టిన ఇనుప జాలీ మార్చే పని మొదలుపెట్టాను. ఐదు చట్రాల్లోనూ పాత జాలీ అంతా తుప్పు పట్టి, ముట్టుకుంటే పొడిగా రాలుతోంది. మూల గుంజ అడుగున చెదలు. ఇన్నాళ్ళూ దాన్ని పెయింటే నిలబెట్టిందనుకుంటాను.

నాన్న సుత్తి పట్టుకుని వచ్చాడు. లాగేసుకున్నాను. "నలభై ఏళ్ళు ఊరందరి తలుపులూ బిగించావు. విశ్రాంతి కార్మికుడి హక్కు. కూర్చో!" అన్నాను. వెనకగదిలోకి వెళ్ళిపోయాడు. వారమైంది, ఇటు తొంగి చూడలేదు. అన్నం సగం వదిలేస్తున్నాడు. సంతోషిస్తాడనుకున్నాను గదా!

నీ తమ్ముడు

మా ఇంటి కరపత్రానికి,

రెండు షిఫ్టులు కుట్టుమిషన్ ముందు కూర్చుని వచ్చి రాస్తున్నాను, నాకు కోపం తెప్పించకు. కార్మికుల మీద అన్ని పుస్తకాలు చదివావు, ఇంట్లో ఉన్న కార్మికుణ్ణి ఒక్క మాట అడిగావా? వడ్రంగి చేతిలో సుత్తి లాక్కుంటే ఇంకేం మిగులుతుందిరా? లోపల కుమిలిపోతున్నాడు. తిరిగిచ్చెయ్. బతిమాలి మరీ ఇవ్వు.

అక్క

అక్కా,

నువ్వు అచ్చం మీ సూపర్‌వైజరులా మాట్లాడుతున్నావు. ముసలాయనతో పని చేయించను గాక చేయించను.

కొత్త జాలీ ఒక్కణ్ణే బిగిస్తున్నాను. ఈ కొస లాగితే ఆ కొస వదులవుతోంది. మూడుసార్లు విప్పాను. మా కార్మిక సంఘం వాళ్ళకి కబురు పెడితే చర్చించడానికి నలుగురు వచ్చారు, జాలీ పట్టుకోవడానికి ఒక్కడూ లేడు. నాన్న నిన్న కూడా సరిగ్గా తినలేదు.

తమ్ముడు

ప్రియమైన అక్కా,

ఓడిపోయాను. సుత్తి తీసుకెళ్ళి నాన్న ముందు పెట్టి, "తప్పయింది, నువ్వే బిగించు," అన్నాను. ముట్టుకోలేదు. నువ్వు చెప్పినట్టే బతిమాలాను. చివరికి వచ్చాడు. మొదటి దెబ్బే బొటనవేలి మీద వేసుకున్నాడు. రెండోదీ అంతే.

"ఎటు చూస్తున్నావు నాన్నా?" అని అరిచాను.

"మేకు కనబడటం లేదురా," అన్నాడు.

ఏడాది నుంచీ ఇంతేనట. "రాకపోతే నీకు తెలిసిపోతుందని ఆ రోజు సుత్తి పట్టుకొచ్చా. నువ్వు లాక్కున్నప్పుడు బతికిపోయాననుకున్నా. మళ్ళీ ఎప్పుడు పిలుస్తావోనని ముద్ద దిగేది కాదు," అన్నాడు. పక్కగదిలో ఉన్న నేనే కనిపెట్టలేదు, అంత దూరాన ఉన్న నిన్నేమనను?

కాసేపటికి తనే జాలీ అంచు తడిమి చూసి, "కింద వదులుంది. నేను లాగి పడతా, నువ్వు కొట్టు," అన్నాడు. చేత్తో ముడతలన్నీ పట్టేస్తున్నాడక్కా, నేను కళ్ళతో చూడలేనివి కూడా. మధ్యాహ్నానికి ఒక చట్రం బిగిసింది. ఇద్దరం నేల మీదే కూలబడ్డాం.

కంటి డాక్టరు మాట ఎత్తితే, "మిగతా నాలుగూ అయ్యాకే," అంటున్నాడు. చేతులు లేవడం లేదు, అయినా ఈ ఉత్తరం మడిచి కవర్లో పెట్టి రెండో చట్రం ఎత్తుతాను. ఆదివారం నువ్వూ రా, త్వరగా అవుతుంది.

తమ్ముడు