కెమెరా చూడని వైపు

మల్లన్నా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. ఇవాళే యూనివర్సిటీ వెనక గోడకు, యూసుఫ్‌గూడ వైపు, గేటు తెరిచారు. నేను అందులోంచే లోపలికి వెళ్లాను.

సినిమా సెట్లు కట్టే మీకు శిక్షణ ఇస్తామని మా యూనివర్సిటీ వాళ్లం వచ్చినరోజు నువ్వు ఒకటే అడిగావు: "మాకు నేర్పుతరు సరే సారూ, మా తాన నేర్చుకోనీకి ఎవలొస్తరు?" రిజిస్ట్రార్ నవ్వేశాడు. ఆ నవ్వును నేను క్షమించలేదు. నగరానికి సాయం చేస్తున్నామని ఫొటోలు దిగితే చాలదని, నగరం చేతుల్లో ఉన్న చదువుకు కూడా క్లాసులో చోటివ్వాలని ప్రతి సమావేశంలోనూ పోట్లాడాను.

ఇచ్చారు. ఇవాళ మొదటి పాఠం నీ భార్య యాదమ్మ చెప్పింది. ఆర్కిటెక్చర్ విద్యార్థులు ప్లైవుడ్ గోడ కట్టి, వెనక వైపు కూడా నున్నగా రంగేశారు.

"కెమెరా చూడని దిక్కు రంగెందుకు బిడ్డా? కాపురం పెడ్తవా ఏంది?" అంది. క్లాసంతా నవ్వింది.

తర్వాత, పాఠం చూడ్డానికి వచ్చిన రిజిస్ట్రార్ వైపు తిరిగింది. "మీ యూనివర్సిటీ గూడ మా సెట్టు లెక్కనే ఉండె సారూ. జూబ్లీహిల్స్ దిక్కు రంగులు, మా దిక్కు ఉత్త గోడ."

"అందుకే గేటు పెట్టాం కదమ్మా."

"పెట్టిండ్రు. తాళంచెవి ఎవలి తాన ఉంటది?"

ఈసారి ఆయన నవ్వలేదు. తాళంచెవి యూనివర్సిటీ దగ్గరే ఉంటుందట, సాయంత్రం ఆరింటికి గేటు మూసేస్తారట. మీవాళ్లు షూటింగుల నుంచి తిరిగొచ్చేదే అప్పుడు. ఆ తాళం సంగతి వచ్చే సమావేశంలో నేను చూసుకుంటాను.

యాదమ్మ నీ సుత్తిని క్లాసులోనే వదిలి వచ్చింది. వచ్చే వారం మళ్లీ కావాలి కదా, మోసుకుపోవడం దేనికంది.