ఆశీర్వాదం తాతయ్య గారి పెద్దక్షరాల కాగితం

అమ్మకు వందనాలు.

ఈ ఉదయం పాలు పొంగుతుంటే నాన్న స్టవ్ తగ్గించకుండా గిన్నెలోకి ఊదుతూ నిలబడ్డారు. నువ్వు లేని ఇల్లు ఇలా నడుస్తోంది. దేవుని దయవల్ల ఇద్దరం బాగానే ఉన్నాం. నువ్వు వార్డెన్‌గా ఉన్న చింతూరు హాస్టల్లో సిగ్నల్ అందదు కాబట్టి కబుర్లన్నీ కాగితం మీదే.

గొంతుకు మిరియాల పాలు తాగుతున్నావా అని అడిగావు. తాగుతున్నాను. అంత పెద్ద ఒరటోరియో మనవాళ్ళకు వస్తుందా అని కూడా అడిగావు. క్రీస్తు పుట్టుక నుంచి పునరుత్థానం దాకా అంతా పాటల్లోనే చెప్పాలి, అదీ నాలుగు రకాల గొంతుల్లో. మూడు వందల ఏళ్ళ నాటి సంగీతం. మన పేట చర్చి, నందిగామ చర్చి సంఘాలు కలిసి నలభై మందిమి ఐదు నెలలుగా నేర్చుకున్నాం. ఈ సాయంత్రమే నందిగామ చర్చిలో పాడాలి. మనం శ్రుతి తప్పితే నందిగామ మెర్లిన్ అక్క ఊరుకోదు. "పేటవాళ్ళ గొంతుల్లో సిమెంటు పడిందర్రా, కదలవు" అంటుంది.

అసలు సంగతి రాయడానికి ఇంతసేపు పట్టింది.

మంగళవారం ప్రాక్టీసులో మగవాళ్ళ మంద్ర గొంతుల బేస్ వరుసలో ఒక్క గొంతు తేడాగా వినిపించింది. పాట నడిపించే స్టీవెన్ గారు మూడుసార్లు ఆపారు. మూడుసార్లూ ఆశీర్వాదం తాతయ్య గారే. నలభై ఏళ్ళుగా మన చర్చిలో బేస్ పాడుతున్న మనిషి.

"చెవి మందగించినట్టుందండి. ఈసారికి ముందు కుర్చీలో కూర్చుని వినండి" అన్నారు స్టీవెన్ గారు, అందరూ ఉండగానే.

తాతయ్య గారు ఫైలు మూసి, "వినపడుతూనే ఉందే" అన్నారు. ముందు కుర్చీ వైపు నడుస్తూ, "పోయిందేమోలే" అన్నారు.

మిగతా అందరివీ జిరాక్సు కాగితాలు. ఆయనకు చూపు ఆనదని పెద్దక్షరాలతో నేను విడిగా రాసిచ్చాను, స రి గ మలకు బదులు ద ర మ ఫ అంటూ. పాట మధ్యలో శ్రుతి మారుతుంది. మారినచోట కొత్త 'ద' ఎక్కడ మొదలవుతుందో గుర్తు వెయ్యాలి. అది లేకపోతే ఎవరైనా పాత శ్రుతిలోనే పోతారు. ఇంటికొచ్చి, ఆ కాగితానికి ఫోన్లో తీసి పెట్టుకున్న ఫొటో చూశాను. ఆ గుర్తు నేను వెయ్యనే లేదు. ఆయన నేను రాసిందే పాడారమ్మా, పొల్లుపోకుండా.

గురువారం ఆయన ప్రాక్టీసుకు రాలేదు. స్టీవెన్ గారు కాగితాలు సర్దుతూ, "జెరూషా రాస్తే తప్పుండదు" అన్నారు. నేనూ ఆయనతో పాటు కాగితాలు సర్దాను. నిన్న తాతయ్య గారి పక్కింటి బేబి ఆంటీ చెప్పింది, ఆయన ఇంటి ప్రార్థనలో కూడా పాడటం మానేశారట.

ఈ ఉదయం ఆయన ఇంటికి వెళ్ళాను. తప్పు నా రాతలోదని గుమ్మంలోనే చెప్పేశాను. ఆయన లోపలికెళ్ళి కాగితం తెచ్చి, "గుర్తెయ్యి" అన్నారు. వేశాను. నిలబడే పాడారు. ఒక్క స్వరం తప్పలేదు.

"స్టీవెన్ గారికి ఫోన్ చేసి చెప్పేస్తానండి" అన్నాను.

"ఫోనెందుకమ్మాయ్? నన్నన్నది నలభై మందిలో. నువ్వూ అక్కడే చెప్పు."

నలుగురిలో నా పేరు చెప్పడానికే నోరెండిపోతుందని నీకు తెలుసు. అయినా, పాట మొదలయ్యేలోపే చెప్తాను, సరేనన్నాను.

అక్షరాలు వంకరపోయాయని అనుకోకు. నందిగామ బస్సులో రాస్తున్నాను. తాతయ్య గారు నా పక్క సీట్లో ఉన్నారు.

ఇట్లు,
నీ కూతురు
జెరూషా