జబ్బు పేరు చెప్పుకోను

1వ తేదీ, సోమవారం. పొద్దున్నే, కాఫీకి ముందు.

ఒట్టు పెట్టుకున్నాను. ఇవాళ్టి నుంచి జబ్బు పేరు చెప్పి ఏ పనీ తప్పించుకోను. ఎవరిచేతా ఏ పనీ చేయించుకోను. అంతే!

నిన్న మా ఆవిడ నీళ్ల బాటిళ్లు నింపమంది. "తల బరువుగా ఉంది" అన్నాను. గరిటె చేత్తో పట్టుకునే వంటింట్లోంచి బయటికొచ్చింది. "తలలో కణితి వచ్చి ఏడాది కూడా కాలేదు. బాటిళ్లు నింపడానికి బద్ధకం వచ్చి ముప్పై ఏళ్లయింది. దానికి దీని పేరు పెట్టకండి" అంది. బతుకంతా మంగలికత్తి పట్టినవాణ్ణి, ఇంత నున్నగా గీసిన మాట వినలేదు.

నా తర్వాత ఎవరైనా ఈ డైరీ చదివితే తికమకపడతారు కనక నా సంగతి కాస్త రాసి పెడతాను. మెదడులో కణితి. తీయగలిగినంత కోసి తీశారు. మిగిలింది ఎదక్కుండా ఒక మిషన్ ఇచ్చారు. గుండు మీద నాలుగు పట్టీలు అతికిస్తారు. వాటి తీగలన్నీ కలిసి జడలాగా వీపు మీదికి దిగుతాయి, భుజాన వేలాడే సంచీలోకి పోతాయి. సంచీలో బ్యాటరీ. రోజుకి పద్దెనిమిది గంటలైనా తగిలించుకుని తిరగాలి. వేడెక్కితే అరుస్తుంది. బ్యాటరీ దిగిపోతే అరుస్తుంది. జుట్టు మొలిచి పట్టీ లేచినా అరుస్తుంది. ఇన్నాళ్లూ జనం జుట్టు మీద బతికినవాడికి జుట్టంటే గిట్టని మిషన్!

మూడు నాలుగు రోజులకోసారి గుండు గీసేది మా బావమరిది. పట్టీలు అతికించేది మా ఆవిడ. అక్కాతమ్ముళ్లు నా నెత్తిని వాటాలేసుకున్నారు.

3వ తేదీ, బుధవారం. రాత్రి భోజనాలయ్యాక.

ఘనవిజయం! లెక్క:

బాటిళ్లు నింపాను. (కొన్ని.)

మెట్లెక్కేటప్పుడు పక్కింటాయన చెయ్యందించాడు. ఆ చేతిలో నా చెత్తబుట్ట పెట్టబోయి, ఒట్టు గుర్తొచ్చి వెనక్కి తీసుకున్నాను.

బస్సులో ఒకాయన లేచి సీటిచ్చాడు. వద్దన్నాను. లేచినవాణ్ణి మళ్లీ ఎలా కూర్చుంటానన్నాడు ఆయన. నేను కూర్చోను గాక కూర్చోనన్నాను. ఇద్దరం చివరిదాకా నిలబడే వెళ్లాం. ఆ సీట్లో ఎవరిదో సంచీ దర్జాగా ప్రయాణం చేసింది.

మా షాపు పక్కన టైలర్ ఉన్నాడు. నన్ను చూడగానే గుండె మీద చెయ్యి వేసుకుని "నువ్వు యోధుడివి" అన్నాడు. యుద్ధం బ్యాటరీ చేస్తోందయ్యా, నేను దాన్ని మోసే కూలీని! వాళ్ల పెదమామగారికీ అచ్చం ఇదే జబ్బట. ఎంత ధైర్యంగా ఉండేవాడో, ఎంత నవ్విస్తూ ఉండేవాడో చాలాసేపు చెప్పాడు. "ఇప్పుడెలా ఉన్నారు?" అనడిగాను. టేపు మెడలోంచి తీసి, మళ్లీ మెళ్లో వేసుకుని, "కాజాలు కుట్టాలి" అని లోపలికెళ్లిపోయాడు.

5వ తేదీ, శుక్రవారం. మధ్యాహ్నం, షాపులో.

ఒట్టుకి అసలు కారణం ఇవాళ రాస్తాను. బాటిళ్లు కాదు. మా బావమరిది.

షాపు మా ఇద్దరిదీ. వచ్చేపోయేవాళ్లు నన్ను పెద్దకత్తెర అంటారు, వాణ్ణి చిన్నకత్తెర అంటారు. మధ్యాహ్నం ఎవరూ రానప్పుడు చదరంగం వేసుకుంటాం. ఇరవై ఏళ్లు వాడే గెలిచాడు. గెలిచి ఊరుకునేవాడు కాదు. "నీ ఆట చూస్తే నీ కటింగే నయం బావా" అనేవాడు. నేను క్రాపు చేసి పంపినవాణ్ణి వీధి మొగదాకా సాగనంపి, "ఎవరైనా అడిగితే మా షాపు పేరు చెప్పకండి" అని చేతులు జోడించేవాడు. అలాంటివాడు!

ఆపరేషనయ్యాక ప్రతి ఆటా నేనే గెలుస్తున్నాను. మెదడు తగ్గాక ఆట పెరిగిందా? ఇవాళ కనిపెట్టాను. మంత్రిని తెచ్చి నా ఏనుగు ముందు నిలబెట్టి, అటు తిరిగి దువ్వెనలు కడుక్కుంటున్నాడు!

"ఏరా, మంత్రి పోతోంది చూసుకోవూ?" అన్నాను.

"అయ్యో, చూసుకోలేదు బావా. బాగా ఆడావు బావా."

ఇదీ వరస. అలాగే బావా. నువ్వెలా అంటే అలా బావా. జాగ్రత్త బావా. బావమరిది వెటకారం చెయ్యడం మానేశాడంటే బావ ఉన్నట్టా, పోయినట్టా? తద్దినానికొచ్చినవాడు కూడా ఇంత మర్యాదగా మాట్లాడడు.

నేను జబ్బు పేరు ఎత్తకపోతే వాడూ మర్చిపోతాడు. వాడిచేత మళ్లీ ఒక్క తిట్టు తిట్టించుకోవాలి. నోరారా. అదీ నా ఒట్టు.

8వ తేదీ, సోమవారం.

కరెంటు బిల్లు ఆఫీసులో ఒక చిన్న సంఘటన. క్యూ వీధిలోకి వచ్చేసింది. ఎండ మండిపోతోంది. నేను ఎవరికీ ఒక్క మాట చెప్పలేదు, ఇది స్పష్టంగా రాసుకోవాలి. టోపీ తీశాను, అంతే.

క్యూ మొత్తం రెండుగా చీలి దారిచ్చింది. కిటికీలో గుమాస్తా లేచి నిలబడ్డాడు.

నోటితో జబ్బు పేరు చెప్పనన్నాను. టోపీ తియ్యనని ఎక్కడా రాయలేదు. పేజీలు వెనక్కి తిరగేసి చూసుకున్నాను. నిజంగానే రాయలేదు.

10వ తేదీ, బుధవారం.

ఎండలో టోపీ పెట్టుకుంటే మిషన్ వేడెక్కి అరుస్తుంది. కాబట్టి తియ్యాలి. ఇది వైద్యం. ఒట్టుకీ దీనికీ బోడిగుండుకీ మోకాలికీ ఉన్నంత సంబంధం.

ఈ రెండు రోజుల్లో వైద్యపరంగా టోపీ తీసిన చోట్లు: బ్యాంకు. ఫోన్ రిపేరు షాపు. చెప్పుల కొట్టు (నీడే, కానీ గాలి లేదు). మా అపార్ట్‌మెంటు సంఘం మీటింగు (ఫ్యానుంది, కానీ నా వైపు తిరగడం లేదు).

మీటింగులో మెట్లకి ఏ రంగు వెయ్యాలా అని గంటన్నర కొట్టుకున్నారు. నేను టోపీ తీసి "నీలం" అన్నాను. గప్‌చుప్. నీలమే ఖాయమైంది. మూడో అంతస్తు ఆయన నీలమంటే మండిపడే మనిషి, ఆయన కూడా తలూపాడు. నిజానికి నీలం నాకూ నచ్చదు. ఎవరో ఒకరు "ఛీ, నీలమేంటండీ" అంటారేమోనని అన్నాను.

ఇంటికొచ్చి మా ఆవిడకి చెప్పాను. "ఇక రోజూ ఆ మెట్లే ఎక్కాలి, మీ నెత్తి చలవ" అంది. ఈ ఇంట్లో నాతో సరిగ్గా మాట్లాడే మనిషి ఆవిడొక్కతే.

13వ తేదీ, శనివారం. మధ్యాహ్నం.

ఘోరం జరిగింది. చేసింది నేనే. ఇంకా జరుగుతోంది కూడా, త్వరగా రాయాలి.

ముందొక సంగతి. గడ్డం గీసేది కుడిచెయ్యని లోకం అనుకుంటుంది. కాదు. కుడిచెయ్యి ఊరికే కత్తి పట్టుకుంటుంది. గీసేది ఎడమచెయ్యి. చర్మాన్ని లాగి, బిగించి, ఎక్కడ ఎముకుందో ఎక్కడ గుంటుందో వేళ్లతో చదివి కుడిచేతికి చెప్పేది అదే. ఆపరేషనయ్యాక నా ఎడమవేళ్లు మొద్దుబారాయి. ఫిట్స్ రావచ్చు కూడా, అందుకని కత్తి ఇప్పుడే పట్టొద్దని డాక్టరమ్మ చెప్పింది. "ఇప్పుడే" అంది. ఆ మాట పట్టుకునే నేను ఇన్ని నెలలు వేలాడుతున్నాను.

ఇవాళ షాపులో రద్దీ. నురగ పూసుకుని ఒకాయన నా కుర్చీలో కూర్చున్నాడు. చెయ్యి దురదపెట్టింది. "ఈయన్ని నేను చూస్తాలే" అన్నాను.

"వద్దు బావా" అన్నాడు వాడు.

వద్దన్నాడు! ఎన్ని నెలలకి! ఎగిరి గంతెయ్యాల్సింది. కానీ నా పాడునోరు ఊరుకుందా? "నా చివరి కోరికనుకోరా" అంది.

షాపంతా చల్లబడింది. నురగ పూసుకున్నాయన నురగతోనే లేచి, "నాకు పనుంది" అని వీధిలోకి నడిచాడు. బావమరిది నా మొహంలోకి చూశాడు. తువ్వాలు దులిపాడు. వెళ్లి ఆ కుర్చీలో తనే కూర్చున్నాడు.

"నాది గియ్యి బావా. మీసం జోలికి మాత్రం వెళ్లకు."

వాడి మీసం గురించి రాయాలంటే ఇంకో డైరీ కావాలి. పెళ్లిచూపుల్లో పిల్ల వాణ్ణి చూడలేదు, మీసాన్నే చూసి ఒప్పుకుంది. నురగ కలుపుతున్నాడు. వెళ్తున్నాను.

అదే రోజు. సాయంత్రం.

కుడి చెంప: వెన్న. నన్ను నేనే మెచ్చుకున్నాను.

గడ్డం కింద: అద్భుతం.

పైపెదవి దగ్గర: సగం మీసం పోయింది.

మిషన్ ఒక్కసారిగా అరిచింది, ఉలిక్కిపడ్డాను, కత్తి జారింది. అందరికీ అలాగే చెప్పాను.

వాడు అద్దంలో చూసుకున్నాడు. కుడివైపు మీసముంది. ఎడమవైపు మూతి ఉంది, నెత్తుటి చుక్క ఉంది. నోరు తెరిచాడు. మూశాడు. మళ్లీ తెరిచాడు.

"ఒరేయ్ బావా!"

ఒరేయ్! నాకంటే పదేళ్లు చిన్నవాడు!

"ఆ డాక్టర్లు కణితి తీశామని చెప్పారు గానీ, కణితి వదిలేసి బుర్ర తీసేసుంటారు! పొలంలో కలుపు తీసేవాడు నయం, పైరేదో కలుపేదో చూస్తాడు! నీ చేతికి కత్తిచ్చినవాణ్ణి అనాలి, నీకు మా అక్కనిచ్చిన మా నాన్ననీ అనాలి! చివరి కోరికట! నా మీసం చివరి కోరిక ఎవడడిగాడు?"

బెంచీ మీదవాళ్లు కొయ్యబారిపోయారు. ఒకాయన "పాపం, పేషెంటండీ" అన్నాడు. "పేషెంటైతే మంచమ్మీద పడుకోవాలి గానీ నా మూతి మీద కాదు!" అని వాడు ఆయన్ని కూడా వాయించాడు.

నవ్వు ఆగలేదు. కళ్లలో నీళ్లొచ్చాయి. ఇంటిదాకా నవ్వుకుంటూ నడిచాను. తిట్టాడు! నోరారా తిట్టాడు! ఒట్టు చెడినా ఫలం దక్కింది.

14వ తేదీ, ఆదివారం.

పొద్దున్నే తలుపు కొట్టాడు. మీసం రెండోవైపు కూడా గీసేసుకున్నాడు. తొక్కతీసిన బంగాళాదుంపలా ఉన్నాడు. నవ్వబోయి ఆగాను, వాడు నవ్వడం లేదు.

"మిషన్ తర్వాత అరిచింది బావా" అన్నాడు.

"ఏంటి?"

"ముందు నీ ఎడమచెయ్యి నా చెంప మీద బస్తాలా పడింది. ఆ తర్వాత కత్తి జారింది. ఆ తర్వాత నీకు చెమటలు పట్టాయి. మిషన్ అరిచింది అప్పుడు. చెంప నాదిరా బాబూ, నాకు తెలీదా?"

ఎడమచెయ్యి వెనక్కి దాచుకున్నాను.

"అంతకుముందు కూడా పడిందా?"

"ఈ వారంలో రెండు మూడు సార్లు."

"అక్కకి చెప్పావా?"

"జబ్బు పేరు చెప్పుకోనని ఒట్టు పెట్టుకున్నాను."

వాడు నాకేసి చూసిన చూపు రాయడం నా వల్ల కాదు. "లేని నీరసానికి ఊరంతా టోపీ తీసి గుండు చూపిస్తావు. చెయ్యి నిజంగా పడిపోతే ఒట్టంటావు. నీ ఒట్టు నా మూతికొచ్చింది, రేపు నీ ప్రాణానికొస్తుంది."

"చెప్తే ఇక కత్తి ముట్టుకోనివ్వరురా" అన్నాను.

"ముట్టుకుని ఏం వెలగబెట్టావో అద్దంలో చూశాలే" అన్నాడు. ఈసారి ఆ వెటకారంలో ఉప్పూకారం లేవు. నా ఎడమచెయ్యి తీసుకుని ఒడిలో పెట్టుకుని, ఒక్కో వేలే నొక్కుతూ కూర్చున్నాడు. "ఇది తెలుస్తోందా? ఇది?"

చిటికెనవేలు తెలియలేదు. తెలియలేదనే చెప్పాను.

వంటింట్లో గిన్నెల చప్పుడు ఎప్పుడాగిందో గమనించలేదు. మా ఆవిడ గుమ్మంలో నిలబడి ఉంది. ఏమీ అనలేదు. ఆవిడ ఏమీ అనకపోవడం మా పెళ్లయ్యాక ఇదే మొదటిసారి. ఫోన్ తీసుకుని హాస్పిటల్ నంబరు నొక్కింది.

16వ తేదీ, మంగళవారం.

డాక్టరమ్మ అన్నీ అడిగింది. అన్నీ చెప్పాను. అవి చిన్నపాటి ఫిట్సేనట. మందు పెంచింది. వచ్చే నెల తియ్యాల్సిన స్కాను వచ్చే వారానికి జరిపింది.

"మరి కత్తి?" అన్నాను.

"ఇక వద్దండీ" అంది. ఈసారి "ఇప్పుడే" అన్లేదు.

ముగ్గురం బయటికొచ్చాం. బస్సులో ఒకమ్మాయి సీటిచ్చింది. కాళ్లు నిజంగానే వణుకుతున్నాయి. కూర్చున్నాను. టోపీ పెట్టుకునే కూర్చున్నాను.

17వ తేదీ, బుధవారం. పొద్దున్నే, కాఫీకి ముందు.

కొత్త ఒట్టు. పాతదాన్ని కొట్టేశాను. ఇవాళ్టి నుంచి ఉంటే ఉందంటాను, లేకపోతే లేదంటాను. ఎవరడిగినా సరే. టోపీకి కూడా ఇది వర్తిస్తుంది. (ఈసారి రాసి పెట్టాను.)

అదే రోజు. షాపులో.

లోపల అడుగుపెట్టానో లేదో చిన్నకత్తెర చీపురు నా మీదికి విసిరాడు. "కత్తి లేకపోతే పని లేదనుకున్నావా? నేలంతా జుట్టే. ఊడ్చు."

"ఒంట్లో బాలేదురా" అన్నాను. అలవాటు మరి.

"ఎక్కడ?"

నిలబడి వెతుక్కున్నాను. నెత్తి నుంచి మొదలుపెట్టి మెడ, భుజాలు, కాళ్లదాకా. పట్టీలు కాస్త దురదగా ఉన్నాయి గానీ, అంతకు మించి ఏమీ దొరకలేదు.

"ఎక్కడా లేదు" అన్నాను.

"మరింకేం?"

సగం షాపు ఊడ్చాను. నడుం పట్టింది. కళ్లు కూడా కొద్దిగా తిరిగినట్టే ఉన్నాయి. "ఒరేయ్, తల తిరుగుతోంది" అన్నాను.

కత్తెర ఆపి వెనక్కి తిరిగాడు. "నిజమా?"

ఆలోచించాను. "సగం నిజం."

కాలితో స్టూలు నా వైపు తోశాడు. "అయితే మిగతా సగం కూర్చుని ఊడ్చు."