మేస్త్రీ చేతి మీద మా అందరి పరీక్ష

శ్రీకాకుళం జిల్లా మెడికల్ ఆఫీసరు గారి సమక్షమునకు, గెడ్డపాలెం ఉప్పుమడుల మూడో గ్యాంగు కూలీ బొమ్మాళి ఎల్లాజీ, వయస్సు 22, దాఖలు చేసుకొను అర్జీ. తేది 14-5-1968.

అయ్యా,

విషయం: పెన్సిలిన్ ఇంజెక్షను మా మేస్త్రీకి పడినది గనుక, పడని మా అక్క జగ్గమ్మకు కూడా పడునని కాంపౌండరు గారు తీర్మానించుట, దానిని ఆపించి ఆమెకు వెంటనే వేరే మందు ఇప్పించుట గురించి.

1. మా అక్క ఉప్పు లాగుతుండగా మడమ తెగి ఆరు రోజులైనది. కాలు మోకాలి దాకా వాచి, ఎర్రబడి, చీము పట్టినది. మూడు రోజులుగా జ్వరము దిగుట లేదు. నిన్న నన్ను మా నాన్న అనుకుని, అన్నం తిన్నావా అని అడిగినది. మా నాన్న పోయి తొమ్మిదేళ్లు.

2. మా డిస్పెన్సరీకి డాక్టరు గారు గురువారము మాత్రమే వచ్చెదరు. మిగతా ఆరు రోజులు కాంపౌండరు గణపతిరావు గారే డాక్టరు. పెన్సిలిన్ వేసే ముందు చర్మము కింద చుక్క మందు వేసి, అరగంట ఆగి, దద్దు లేచునేమో చూడవలెనని గోడకు కాగితము అంటించి ఉన్నది. గణపతిరావు గారు దానిని తు.చ. తప్పక పాటించినారు. కాకపోతే మా మేస్త్రీ కూర్మయ్య ఒక్కడి మీదే పాటించినారు.

3. ఇది తమరికి అర్థము కాకపోవచ్చు. మొదట నాకూ కాలేదు. మా గ్యాంగుకు ఏది జరిగినా మేస్త్రీ ద్వారానే జరుగును. హాజరు ఆయనే, మంచినీళ్ల పీపా ఆయనే, సెలవు ఆయనే. అదే వరుసలో ఇంజెక్షను పరీక్ష కూడా జనవరిలో ఒకసారి ఆయన చేతి మీద కానిచ్చి, రిజిస్టరులో "మూడో గ్యాంగు, 41 మంది, పరీక్ష సంతృప్తికరం" అని రాసుకున్నారు. కళ్లారా చదివినాను. ఆ అరగంట కూడా మా అందరి తరఫున మేస్త్రీయే బెంచీ మీద కూర్చుని, రెండు చుట్టలు కాల్చి, మమ్మల్ని పనికి తోలేసినాడు.

4. మేస్త్రీకి ఏమీ కాలేదు. ఎందుకవుతుంది? పోయిన ఏడు నిమ్ము చేసి మూలుగుతుంటే ఆయనను నిలబెట్టింది ఈ మందే. మందు మంచిదే. మందుతో నాకు తగువు లేదు, సూదంటే భయమూ లేదు.

5. మూడేళ్ల కిందట సెగ్గడ్డకని ఒక డాక్టరు గారు మా అక్కకు ఇదే మందు వేస్తే, పది నిమిషాల్లో ఒళ్లంతా దద్దుర్లు తేలి, పెదాలు వాచి, ఊపిరి పట్టేసింది. ఆయనే ఇంకో ఇంజెక్షను వేసి బతికించి, ఈ జన్మలో పెన్సిలిన్ వద్దని చెప్పి పంపినారు. ఇది కాంపౌండరు గారికి విన్నవించుకొనగా:

"ఆ పాలి పరీక్ష సెయ్యనేదు, అందుకే అలగయింది. ఇప్పుడు పరీక్ష అయిపోనాది కదరా" అన్నారు.

"ఎవుడికయింది బాబూ?"

"మీ మేస్త్రీకి."

"అయితే ఇంజెక్షనూ మేస్త్రీకే ఎయ్యండి" అని నేను మందుల పెట్టె మూత వేసి, దాని మీద కూర్చున్నాను. నిన్న పది గంటల నుండి ఒంటి గంట దాకా లేవలేదు. "ప్రభుత్వ మందులపై ఆసీనుడగుట" అని నా మీద రిపోర్టు రాసినారట. నిజమే, ఒప్పుకొనుచున్నాను.

6. మేస్త్రీకి చెడ్డ కోపము వచ్చినది. "నా సెయ్యి మీద నమ్మకం నేదేట్రా? ఒకటి సాలకపోతే రెండో సెయ్యి ఉన్నాది, పొడవమను" అని చొక్కా చెయ్యి పైకి మడిచినాడు.

"మావా, నీ సెయ్యి బంగారం. కానీ వాసింది మా అప్ప జగ్గమ్మ కాలు" అన్నాను. ఆయన తన చేతి వంక ఒకసారి చూసుకుని, చొక్కా చెయ్యి దించుకున్నాడు.

7. పెట్టె మీద కూర్చున్న మూడు గంటలు ఊరికే పోనివ్వలేదు. మందుతో వచ్చిన ఇంగ్లీషు మడత కాగితమును జేబు నిఘంటువు పెట్టుకుని చదివినాను. నాది అయిదో తరగతి. తప్పులుంటే మన్నించండి, కానీ ఇది తప్పు కాదు: ప్రతి రోగినీ విడిగా అడగవలెను, ముందు ఈ మందు పడనివారికి మళ్లీ వేయరాదు, వేసినాక మనిషిని కనిపెట్టుకుని ఉండవలెను, సూది పడక ఊపిరి పట్టేస్తే బతికించే ఎడ్రినలిన్ అనే మందు చేతికి అందేలా ఉంచవలెను. మా డిస్పెన్సరీలో ఎడ్రినలిన్ ఉన్నది. బీరువాలో ఉన్నది. బీరువా తాళము డాక్టరు గారితో వచ్చును. కావున మా గ్యాంగులో ఎవరికైనా ఊపిరి ఆడకపోయిన యెడల గురువారమే ఆడకపోవలెను.

8. సిరంజి పొద్దున్న ఒకసారి మరగబెడితే సాయంత్రం దాకా అందరికీ అదే. రెండు సూదులకు జ్వరం దిగితే "సాల్లే" అని మానిపించేస్తారు, పుండు మళ్లీ తిరగబెడుతుంది. ఇది మా అక్క సంగతి కాదు గానీ, కలం పట్టాను కనుక రాసేస్తున్నాను.

కావున తమరు దయతో, జగ్గమ్మ చీటీ మీద పెన్సిలిన్ వద్దని ఎర్ర సిరాతో రాసి, ఆమె ఒంటికి పడే మందు చెప్పినన్ని రోజులూ పూర్తిగా ఇప్పించవలెను. అది ఏ మందో తమరికి తెలుసు, నాకు తెలియదు. ఇక మీదట ఎవరి పరీక్ష వారి చేతి మీదే చేయవలెనని, ఎవరి అరగంట వారే కూర్చోవలెనని ఉత్తర్వు ఇవ్వవలెను. నా మీద చర్య ఏదైనా అక్క కాలు నేల మీద ఆనాక తీసుకోండి. అంత దాకా ఆ పెట్టె మీద మళ్లీ కూర్చోవలసి రావచ్చు.

కోపంతో రాసినా కల్పించి రాయలేదని చిత్తగించవలెను.

ఇలాగే రాయాలన్నారు కనుక,
తమ విధేయుడు,
బొమ్మాళి ఎల్లాజీ

తా.క. ఇది తమ ఆఫీసు వరండాలో నిలబడి రాస్తున్నాను. అర్జీ గుమాస్తాకిచ్చి పదిహేను రోజులాగి రమ్మంటున్నాడు తమ బంట్రోతు. అక్కను నౌపడలో రైలెక్కించి తెచ్చాం. రైలు దిగాక బస్సు దాకా మేస్త్రీయే వీపున మోశాడు. ఇప్పుడు తమ గుమ్మానికి ఎడమ పక్క బల్ల మీద పడుకోబెట్టాం. దుప్పటి కప్పినా వణుకుతోంది. బంట్రోతు టీకి వెళ్లాడు గనుక కాగితం తలుపు కింద నుంచి తోస్తున్నాను. ఇక్కడి దాకా చదివారంటే ఇప్పటికే ఆలస్యం చేశారు. లేచి బయటికి రండి.